కొట్టివేతలు లేని కాగితం

ఆ యంత్రానికి కావలసింది తప్పులు. గణిత విభాగంలో ఈ సంగతి అందరికంటే ఆలస్యంగా అర్థమైంది నాకే. అర్థమయ్యేసరికి నూకరత్నం వెళ్లిపోయింది.

మా విభాగంలో పద్నాలుగో గదిని సలహాల గది అంటారు. డిగ్రీ మూడో ఏడు పిల్లలు ఇకముందు ఏం చదవాలో, ఏ ఉద్యోగానికి వెళ్లాలో అడగడానికి అక్కడికి వస్తారు. మునుపు మా విభాగానికి పెద్ద అయిన దమయంతి మేడమ్ గారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అరగంటైనా మాట్లాడేవారు. నేను రెండుసార్లు టీ తీసుకెళ్లేదాన్ని. మూడేళ్ల కిందట ఆవిడే ఆ యంత్రాన్ని తయారు చేశాక మాటలు తగ్గాయి, టీ కూడా తగ్గింది.

ప్రతి విద్యార్థికీ ఒక పలక ఇస్తారు. దాని మీద గోధుమరంగు కాగితాలు బిగించి ఉంటాయి. మూడు నెలలపాటు లెక్కల చిత్తుపని అంతా ఆ పలక మీదే చేయాలి. చేయి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, రాసినదాన్ని ఎక్కడ కొట్టేసింది, కొట్టేసి ఎటు మళ్లింది, అన్నీ పలక గుర్తుపెట్టుకుని పద్నాలుగో గదికి పంపుతుంది. చివర్లో యంత్రం ఒక చీటీ ఇస్తుంది. ఆ మనిషి గణితంలో ఎంతదూరం పోగలడో, ఎక్కడ ఆగిపోతాడో అందులో ఉంటుంది. దాన్నే అవధి అన్నారు. దాని కింద ఏ పనికి పోవాలో ఒక వరుస.

దాన్ని ఎవరూ గుడ్డిగా నమ్మలేదు. వందమంది పాత విద్యార్థుల చిత్తు కాగితాలను నేనే సామాన్ల గదిలోంచి దుమ్ము దులిపి తెచ్చిచ్చాను. తొంభై ఒక్కమంది విషయంలో, కాగితం మీది కొట్టివేతలను బట్టే, వాళ్లు నిజంగా ఎక్కడ ఆగిపోయారో యంత్రం అక్కడే గీత గీసింది. దాంతో అందరూ నమ్మారు.

చీటీలు పంచే పని నాది. కవరు ఇచ్చేటప్పుడు పిల్లల ముఖం చూడకూడదని మొదటి ఏడాదే నేర్చుకున్నాను. వరండాలో వాళ్లు ఒకరినొకరు అడుగుకునే మాటలు మాత్రం వినబడేవి.

"ఏరా సింహాద్రీ, నీ బండి ఎక్కడాగింది?"

"రెండో సంవత్సరం మూడో అధ్యాయం కాడ టైరు పేలిపోనాదిరా."

"పోన్లే, బ్యాంకు పరీక్షకి అంతవరకే కావాల."

అందరూ నవ్వారు. సింహాద్రి కూడా నవ్వాడు. తర్వాత కుళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. మర్నాటి నుంచి లెక్కల క్లాసుకు రాలేదు. వస్తే మాత్రం ఏం లాభం, అవధి తెలిసిపోయాక. ఆ ఏడాది అలా ఒకరొకరూ రావడం మానేస్తుంటే, ఊడవాల్సిన చెత్త తగ్గిందని నేను అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నోరు చేదెక్కుతుంది.

నూకరత్నం పలాస పిల్ల. తల్లి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. చిన్నప్పటి నుంచి రత్నం కూడా తల్లి పక్కన కూర్చుని కొట్టింది. పిక్కల జిడ్డు చేతికి పడితే చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. సెలవులకు వెళ్లి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల వేళ్లు బొగ్గులో ముంచి తీసినట్టు ఉండేవి.

పొద్దున్న ఆరింటికి నేను బోర్డులు తుడవడానికి వెళ్లేసరికి ఆ పిల్ల వరండాలో నిలబడి ఉండేది. ఎనిమిదికి ముందు పిల్లలకు గదులు తెరవకూడదు, అది ఆఫీసు ఆర్డరు. అయినా తొమ్మిదో గది తాళం తీసిచ్చేదాన్ని. అందులో రెండు పలకల బోర్డు ఉంది. ముందు పలకను తాడుతో పైకి లాగితే వెనక ఇంకొకటి కనబడుతుంది. నేను మిగతా గదులు ఊడ్చి వచ్చేలోగా ముందు పలక ఈ మూల నుంచి ఆ మూలకు నిండిపోయేది. సగం రాతలు కొట్టేసి, వాటి మీద మళ్లీ రాసి, బాణాలు గీసి, చుట్టూ గుండ్రాలు చుట్టి, నా కంటికి అది కోళ్లు కెలికిన పెంటలా ఉండేది.

"ఏటే పిల్లా ఇది?"

"మేడమ్ గారి లెక్క అమ్మమ్మా."

దమయంతి మేడమ్ గారికి ఒక లెక్క ఉంది. ఒక వరుసలో వచ్చే ఏ సంఖ్యా మొదటి సంఖ్యను దాటదని చూపించాలట. ఆవిడ వయసులో ఉన్నప్పుడు దాని మీద పదకొండేళ్లు పనిచేసి సగంలో వదిలేశారు. ప్రతి ఏడాదీ మూడో ఏడు పిల్లలకు మొదటి రోజున దాన్ని బోర్డు మీద రాసి, "దీన్ని ఎవరూ చేయనక్కర్లేదు, ఉందని తెలిస్తే చాలు" అనేవారు. రత్నం ఆ మాట వినిపించుకోలేదు.

"రుద్దీమంటావా?"

"రుద్దీ అమ్మమ్మా. నా బుర్రలోకి ఎల్లిపోనాది."

నేను తడిగుడ్డ పెట్టి తుడిచేదాన్ని. ఆ పిల్ల కుళాయి దగ్గరకు పోయి, బూడిదతో వేళ్లు తోముకుని, గట్టు మీద కూర్చుని, బోర్డు మీద తేలిన మంచి వరుసలను మాత్రమే పలక మీది గోధుమ కాగితం మీద ఎక్కించేది. గుండ్రటి అక్షరాలు, ఒక్క మరక ఉండేది కాదు.

అలా ఎక్కించమన్నది నేనే.

మొదటి వారంలో రత్నం నేరుగా కాగితం మీదే రాసింది. కాగితమంతా వేలిముద్రలు. చిన్నప్పుడు బళ్లో ఒక మాస్టారు, "ఇది లెక్కల పుస్తకమా, మసిగుడ్డా?" అని దాన్ని కిటికీలోంచి విసిరేశాడని చెప్పి ఆ పిల్ల ఏడ్చింది. అప్పటి నుంచి నేల మీద సుద్దతో చేసుకోవడమే అలవాటట. ఇప్పుడు మళ్లీ అదే జరుగుతుందని దాని భయం. నేను ముప్ఫై ఏళ్లుగా శుభ్రం చేసి బతికినదాన్ని. నాకు తెలిసిన సలహా ఒకటే.

"బోర్డు మీద నీ ఇష్టమొచ్చినట్టు సేసుకో. కాయితం మీద మాత్రం సేతులు కడుక్కొని శుభ్రంగా రాయే. మేడమ్ గారికి జిడ్డు కాయితాలు నచ్చవు."

ఆ ఏడాది మా విభాగానికి ఒకే ఒక పరిశోధన సీటు వచ్చింది. ఐదేళ్లు చదువు, తిండి, ఉండటానికి గది అన్నీ వాళ్లవే. మేడమ్ గారు ఒక పేరు రాసి పంపితే చాలు. ఆ సీటు వస్తే తల్లిని పిక్కల దగ్గర నుంచి లేపేస్తానని రత్నం అనేది. రాకపోతే తానే వెళ్లి ఆ పీట మీద కూర్చోవాలి, తల్లి కళ్లు సరిగా కనబడటం లేదు.

మార్చి నెలలో చీటీలు వచ్చాయి. కవర్లలో పెట్టేటప్పుడు రత్నం చీటీ చదివాను. పారేసిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని కాబట్టి నెమ్మదిగా చదువుతాను, రెండుసార్లు చదువుతాను. రెండుసార్లూ అదే ఉంది.

"ఎ. నూకరత్నం. ఆలోచన జాడ లేదు. చూసి రాసే చేయి. అవధి: పాఠశాల స్థాయి. సూచన: దత్తాంశ నమోదు, నకళ్ల పని."

మేడమ్ గారు రత్నాన్ని లోపలికి పిలిచారు. మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లిన నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"మూడు నెలల్లో ఒక్క కొట్టివేత లేదమ్మా నీ కాగితాల మీద. ఒక్కచోట చేయి ఆగలేదు. మనిషి ఆలోచిస్తే ఇలా ఉండదు." ఆవిడ గొంతులో కోపం లేదు. జ్వరం చూసి చెప్పే డాక్టరులా ఉంది. "ఎవరి దగ్గర చూసి రాశావు?"

"ఎవరి దగ్గరా కాదు మేడమ్. తొమ్మిదో గదిలో బోర్డు మీద చేసుకుంటాను. తర్వాత కాగితం మీద ఎక్కిస్తాను."

"తొమ్మిదో గది ఎనిమిదింటిదాకా మూసి ఉంటుంది కదా?"

రత్నం నా వైపు చూసింది. మేడమ్ గారు కూడా చూశారు.

"ఆదెమ్మా, ఈ అమ్మాయి బోర్డు మీద లెక్కలు చేయడం నువ్వు చూశావా?"

అంతకు నెల ముందే తాళాలు ఇష్టమొచ్చినట్టు ఇచ్చాడని కెమిస్ట్రీ అటెండరును పనిలోంచి తీసేశారు. నాకు ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది. 

"నాకేటి తెలుసమ్మా. పొద్దున్న సుద్ద గీతలుంటే తుడిసీసినాను. ఎవులు గీసినారో నాను సూడనేదు."

 రత్నం తన వేళ్లను చున్నీ కిందికి దాచుకుంది.

ఆ మాట కడుపులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు మేడమ్ గారు ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, ఉన్నదంతా చెప్పేశాను. తాళం ఇచ్చింది నేనే, శుభ్రంగా రాయమన్నది నేనే, రోజూ తుడిచింది నేనే అని.

 ఆవిడ సొరుగులోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టారు.

"చదువు."

అది ఆవిడ చీటీయే. యంత్రం తయారైన రోజున తన పాత చిత్తు పుస్తకాలను తానే అందులో పెట్టుకున్నారట. ఆవిడ ఎక్కడ ఆగిపోయారో అందులో ఏడాదితో సహా ఉంది. పందొమ్మిదేళ్ల కిందటి ఏడాది.

"ఆ తర్వాత కూడా ఆరేళ్లు పనిచేశాను ఆదెమ్మా. పిల్లను మా అత్తగారి దగ్గర వదిలేసి మరీ చేశాను. ఈరోజు నా కూతురు ఫోన్ చేస్తే నన్ను 'మీరు' అంటుంది. నాకు ఎవరైనా ఆ రోజే ఈ చీటీ ఇచ్చి ఉంటే?" చీటీని మళ్లీ సొరుగులో పెట్టి తాళం వేశారు. "నేను ఈ పిల్లలకు అన్యాయం చేస్తున్నానని నువ్వు అనుకుంటున్నావు. నాకు దొరకనిది వీళ్లకు ఇస్తున్నాను."

"ఓపాలి ఆ పిల్ల సేత బోర్డు మీద సేయించి సూడండమ్మా."

"బోర్డును యంత్రం చదవలేదు. సరే, పలక మీదే ఇంకొక అవకాశం ఇస్తాను."

మర్నాడు పదకొండింటికి రత్నాన్ని పద్నాలుగో గదిలో కూర్చోబెట్టారు. యంత్రం పక్కన పచ్చలైటు వెలుగుతోంది. ముగ్గురు లెక్చరర్లు వెనక నిలబడ్డారు.

"భయపడకు. మరకలైనా ఫరవాలేదు. తప్పులు చెయ్యి, కొట్టెయ్యి. నాకు అవే కావాలి" అన్నారు మేడమ్ గారు.

రత్నం కలం పట్టుకుంది. వేళ్లను చున్నీకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. నాలుగు వరుసలు రాసింది. ఆగి, తల ఎత్తి మేడమ్ గారి ముఖం చూసింది. ఆ నాలుగు వరుసల్లో ఒకదాన్ని కొట్టేసింది. మళ్లీ ముఖం చూసింది. ఇంకొకటి కొట్టేసింది.

ఆ వరుసలు నాకు తెలుసు. రోజూ బోర్డు మీద గుండ్రాలు చుట్టి ఉంచే మంచి వరుసలు అవి. నేను తుడిచే ముందు ఆఖరున మిగిలేవి అవే. తప్పులు అడిగారు కదా అని ఆ పిల్ల ఒప్పులను కొట్టేస్తోంది.

గంట తర్వాత యంత్రం చీటీ వదిలింది. మొదటిదానికంటే ఘోరంగా ఉంది. లెక్చరర్లలో ఒకాయన, "పాపం, ఆ అటెండరమ్మ దయగల మనిషి" అని నవ్వాడు. మేడమ్ గారు నవ్వలేదు. "చూశావు కదా" అన్నారు, అంతే. తాళం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా ఉద్యోగం నిలిచింది. పరిశోధన సీటు ఇంకెవరికో వెళ్లింది. అతని కాగితాల నిండా కొట్టివేతలేనట.

రత్నం వెళ్లిపోయే రోజున పెట్టె వరండాలో పెట్టి నా దగ్గరకు వచ్చింది.

"తొమ్మిదో గది తాళం ఓపాలి ఇయ్యి అమ్మమ్మా."

ఇవ్వడానికి భయం, ఇవ్వకపోవడానికి సిగ్గు. "బేగి వచ్చీయే" అని ఇచ్చాను. అరగంట తర్వాత వచ్చింది. ఏడ్చి వస్తుందనుకున్నాను. చేతులు రెండూ మోచేతిదాకా సుద్దతో తెల్లగా ఉన్నాయి. జుట్టులో కూడా సుద్ద. నేను గదిలోకి తొంగిచూస్తే బోర్డు శుభ్రంగా ఉంది, తుడవడానికి ఏమీ లేదు.

"నా మీద కోపమేటే?"

"కోపమెందుకు? నువ్వు సెప్పినట్టే శుభ్రంగా రాసినాను కదమ్మమ్మా."

పెట్టె తీసుకుని గేటు దాటింది. నేను చూసిన వీడ్కోళ్లలో వెనక్కి తిరిగి చూడనివాళ్లే ఎక్కువ. అది తిరిగి చూసింది, చేయి కూడా ఊపింది. అంతకంటే తిట్టిపోసినా బాగుండేది.

నా సర్వీసు ఇంకో నెల ఉందనగా తొమ్మిదో గదిలో బోర్డు తీసేసి తెర పెట్టాలని వడ్రంగులు వచ్చారు. వేసవిలో తాడు తెగినప్పటి నుంచి ఎవరూ ఎత్తని ముందు పలక మేకులు ఊడదీసి కిందికి దించగానే వెనక పలక బయటపడింది. దాని నిండా రాతలు. కొట్టివేతలు, బాణాలు, గుండ్రాలు. కింద మూలన తేదీ కూడా ఉంది. అది రత్నం వెళ్లిపోయిన రోజు.

"నాయినా, ఓ గంట ఆగండ్రా!"

"ఆగితే మాకెవులు కూలిత్తారమ్మా? అరగంటే."

పద్నాలుగో గదికి పరుగెత్తాను. చేతికి దొరికినవి అల్మారాలో ఉన్న ఖాళీ పలక, దాని కలం. అవే పట్టుకొచ్చి బోర్డు ముందు నేల మీద కూర్చుని చూసి రాయడం మొదలుపెట్టాను. ఒక్క గుర్తూ నాకు తెలియదు. చేతులు వణుకుతాయి. ఒక వరుస రెండుసార్లు రాశాను, కొట్టేశాను. ఒకటి వదిలేసి ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఇరికించాను. ఆగి ఆగి, కళ్లు తుడుచుకుంటూ, ఐదు కాగితాలు నింపాను. ఆఖరి గుర్తు పెట్టేసరికి, మోసేటప్పుడు సుద్ద ఒంటికి అంటుతుందని వడ్రంగి తడిగుడ్డ వేశాడు.

పద్నాలుగో గదికి తిరిగి వచ్చేసరికి మేడమ్ గారు యంత్రం ముందు నిలబడి ఉన్నారు. చేతిలో అప్పుడే వచ్చిన చీటీ.

"ఎవరిదిది? పేరు లేదు. ఇన్నేళ్లలో ఇలాంటి చీటీ రాలేదు."

చీటీ ఇలా ఉంది: "అవధి: కనబడలేదు. సూచన: పరిశోధన."

"రాసింది నానేనమ్మా."

"నువ్వా?"

"సూసి రాసినాను. ఆ పిల్ల బోర్డు. సేతులొణికి తప్పులడిపోనాయి."

 తెలివి ఉన్న చేతిని 'చూసి రాసే చేయి' అన్నది ఈ యంత్రమే. చూసి రాసిన నా ముసలి చేతికి అవధి లేదన్నదీ ఇదే. ఆవిడకు నేను ఏమీ వివరించనక్కర్లేదు. నా చేతిలో కాగితాలు లాక్కుని మొదటిది చదివారు, రెండోది చదివారు. మూడో కాగితం దగ్గర కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఆవిడ పందొమ్మిదేళ్ల కిందట ఆగిపోయిన చోటును ఆ పిల్ల ఆ కాగితంలోనే దాటిందని తర్వాత నాకు తెలిసింది.

"ఐదు వందల నలభై మందికి చీటీలు ఇచ్చాను ఆదెమ్మా" అన్నారు.

"ఇప్పుడేనా సెప్పండమ్మా. ఆలందరికీ కబురెట్టండి."

ఆవిడ కిటికీలోంచి బయటకు చూశారు. కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకున్నారు. చీటీని నలిపి బుట్టలో పడేశారు.

"సలహా కోసం బయట ఎంతమంది ఉన్నారు?"

"ఏడుగురమ్మా."

"పంపించు."

పంపించాను. అదీ నేనే. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి లోపలికి పంపించాను. సాయంత్రం బుట్ట ఖాళీ చేసేటప్పుడు ఆ చీటీ తీసి, ఒళ్లో పెట్టి ముడతలు సాపు చేసి, దాచుకున్నాను.

ఆదివారం పలాస వెళ్లాను. ఫ్యాక్టరీ బయటి నుంచే ముక్కు మండిపోయే వాసన. వరుసగా పీటలు, వాటి మీద ఆడవాళ్లు, టకటకమని పిక్కలు కొడుతున్న చప్పుడు. తల్లి పీట మీద రత్నం కూర్చుని ఉంది. చేతులు మణికట్టుదాకా నలుపు.

"ఏటమ్మమ్మా, ఇంత దూరమొచ్చినావు?"

చీటీ విప్పి దాని కళ్ల ముందు పట్టుకున్నాను. చదివి నవ్వింది.

"నీకొచ్చిందేటి? అయితే నువ్వే ఎల్లు పరిశోధనకి."

"నాది కాదే, నీది. నీ బోర్డు సూసి రాసినాను."

నవ్వు ఆగింది. చేతిలో పిక్క పక్కన పెట్టింది. "ఎనక పలకదా? ఆ కాయితాలేవి?"

"మేడమ్ గారు సంచిలో ఎట్టుకున్నారు."

రత్నం కాసేపు నేల వైపు చూసింది. అక్కడేదో రాసి ఉన్నట్టు కళ్లు ఎడమ నుంచి కుడికి కదిలాయి.

"ఆఖరు మెట్టు తప్పు అమ్మమ్మా. బస్సెక్కినాక తెలిసింది. ఆవిడ అక్కడికొచ్చి మళ్లా ఆగిపోతాది."

"మరి ఒప్పేటో నీకు తెలుసేటి?"

"తెల్సు."

 చీటీ తిప్పి, వెనక ఖాళీ వైపు పైకి పెట్టి, కలం చాచాను. "రాసీయే. దీనెనకాల రాసీ. నాను పట్టుకెల్లి ఎవులికి ఇయ్యాలో ఆలకే ఇత్తాను. మేడమ్ గారికి కాదు. ఈపాలి నాను నోరు ముయ్యను."

రత్నం చేయి చాచబోయి, తన వేళ్లు చూసుకుని వెనక్కి తీసుకుంది.

"బూడిదెట్టి సేతులు కడుక్కోవాల. సైరనయ్యేదాకా లెగనివ్వరు. గంటుంది. ఉంటావా?"

నేలంతా సిమెంటు, చుట్టూ పిక్కలు కాల్చిన బొగ్గు. దేనితోనైనా, ఎక్కడైనా రాయమని చెప్పవచ్చు. జిడ్డు చేతులతోనే రాసీయే, మరకలు పడనీ అనవచ్చు. ఆ మాట నాకు తట్టలేదు. నాకు తట్టింది తిరిగి శ్రీకాకుళం పోయే బస్సు. అప్పటికే ఐదు కావస్తోంది, ఐదున్నరకు ఆఖరిది. అది తప్పితే ఎక్కడ ఉండాలి, రేపు పొద్దున్న ఆరింటికి తాళాలు ఎవరు తీస్తారు?

"మళ్లా ఆదివారం వత్తానే" అన్నాను.

"అలాగే అమ్మమ్మా. జాగ్రత్తగా ఎల్లు."

ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆ పీట మీద వేరే పిల్ల కూర్చుని ఉంది. రత్నాన్నీ తల్లినీ ఇంకో ఫ్యాక్టరీకి, ఒరిస్సా వైపు ఎక్కడికో, మేస్త్రీ తీసుకుపోయాడట. ఊరి పేరు వాళ్లకు తెలియదు.

చీటీ నా దగ్గరే ఉంది. దాని వెనక వైపు ఒక్క మరక లేదు.